రేవులో మూడు యుద్ధాలు

(బుజౌ పట్టణం, రుమేనియా, 1916 అక్టోబరు)

తెల్లారకముందే బండి వచ్చింది.
వ్యాగను తలుపు లాగితే
మనుషులు లేని కోట్లు,
చేతులు ఒకదాన్లో ఒకటి చిక్కుకుని.

సార్జెంటు తుదొరాన్ లెక్క రాసుకున్నాడు:
నాలుగు వందల పన్నెండు.
ఉతకాలి, చిల్లులు కుట్టాలి, రేపటి బండికి ఎక్కించాలి.
కొత్తగా చేరిన కుర్రాళ్లు ఒంటి చొక్కాలతో వణుకుతున్నారట.

మేం పదకొండు మందిమి.
బీచ్ కట్టెల బూడిద నీళ్లు కాగుల్లో తెర్లుతుంటే
పరాస్కీవ ముసలమ్మ ముందు ప్రతి కోటునీ వాసన చూస్తుంది,
పెళ్లివంటల్లో పెద్దామె పులుసు చూసినట్టు.

"దొబ్రుజా" అంటుంది.
పసుపు దుమ్ము, పిండి కంటే మెత్తన,
దులిపితే చాలాసేపు గాల్లోనే నిలబడుతుంది.
అంచులనిండా పల్లేరుకాయల్లాంటి ముళ్లు.
అక్కడ నీడ లేదు, బావులు లోతు,
చంకల దగ్గర చెమట ఉప్పు చారలు కట్టింది.

"కనుమలు" అంటుంది.
పైన్ జిగురు సబ్బుకి లొంగదు, గోరుతో గీకాలి.
మోచేతుల దగ్గర నల్లబురద: పాకినవాళ్లవి.
వీపున నల్లబురద:
వాటి గురించి మేం మాట్లాడుకోం.

"ఏరు" అంటుంది,
అంత డాన్యూబ్‌నీ ఒక్క మాటలో తీసిపారేసి.
జేబుల్లో గోరంత గవ్వలు, విల్లో ఆకు,
రెండు రోజులు రైల్లో వచ్చినా
ఇంకా కారుతున్న నీళ్లు.

రాజధానిలో పెద్ద బల్లమీద పటం పరిచి
గుండుసూదులు జరుపుతారని రుక్సాంద్ర చెప్పింది,
వాళ్లన్న అక్కడ దీపాలు తుడుస్తాడు.
మా పటం తడిసి ఉంటుంది.
నీళ్లు తాగిన కోటు మనిషంత బరువు.
ఇద్దరం చెరో కొసా పట్టి మెలిపెడితే
మూడు సరిహద్దులూ ఒకే కాలవలో కలిసి
బాతుల కిందనుంచి పోతాయి.

జేబుల్లో దొరికినవి రేకుడబ్బాలో వెయ్యాలని ఆజ్ఞ.
ఏడు మొక్కజొన్న గింజలు. సగం కొవ్వొత్తి.
గుడ్డపేలికలో చుట్టిన ఒక పాలపన్ను.
డబ్బాలో వేశాను.
తీశాను.
మళ్లీ వేశాను.

పొద్దు వాలాక రెండో బండి. ముప్ఫై ఏడే.
పరాస్కీవ వాసన చూసింది, ఏమీ అనలేదు.
మళ్లీ చూసింది. నా చేతికిచ్చింది.
మోకాళ్ల దాకా ఊదా మరక.
నెత్తురైతే బూడిదనీటికి గోధుమరంగు తిరుగుతుంది,
ఇది నీలం తిరిగింది.
మడతల్లో ద్రాక్ష తొక్కలు,
గుండీకి పట్టుకుని వచ్చిన తీగముక్క,
దాన్ని కట్టిన ఎర్రనార, రెండు చుట్లు, ఒక ఎదురుముడి.

ఆ ముడి మా కొండవాలు ఆడవాళ్లే వేస్తారు.
పెళ్లికి ముందు నాలుగు శరత్తులు నేనూ వేశాను.
ఇక్కడికి అర రోజు నడక,
చంకలో పిల్ల ఉంటే ఇంకాస్త.

దీపాలవేళ సార్జెంటు పేపరు పైకి చదివాడు:
"మూడు దిక్కులా మన సేనలు ఉన్నచోటే ఉన్నాయి."
చదువుతూనే నా తొట్టిలోకి చూశాడు.
"అదేం మరక?"
"తుప్పండీ."
"పోతుందా?"
"పోతుంది."
పరాస్కీవ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది,
ఆ పూటకి అక్కర్లేని కట్టె.

ఆరినవి ఆరినట్టు, తడివి తడిగా
రాత్రికే అన్నీ ఎక్కించేశారు.
రేపు ఏ కుర్రాడు తొడుక్కుంటాడో ఆ నీలాన్ని,
ఎవరి చలి ఎవరి వీపుకి తగులుతుందో.

ఇంటికొచ్చి ఇలారియె బూట్లకి కొవ్వు రాశాను,
రెండు జతల మేజోళ్లు లోపలికి దోపాను,
మూతులు బయటివైపు తిప్పి గుమ్మం పక్కన పెట్టాను.
వాడింకా పడుకోలేదు.
"ఎక్కడికమ్మా?"
"ఎక్కడికీ కాదు," అన్నాను,
"ఉన్నచోటే ఉన్నాం."